రెండు మూపురాల పేరు

ఎర్దెనెత్‌లో రాగి గని రెండో షిఫ్టు దిగాక
బడి మూడో అంతస్తులో రాత్రి తరగతి.
బయట సున్నాకి ముప్పై రెండు మెట్లు కింద చలి,
కిటికీ అద్దానికి లోపలివైపే మంచు.
ఉప్పు వేసిన పాల టీ ఫ్లాస్కు చేతులు మారుతోంది.

టీచరు బోర్డు మీద రాసింది:
పేరు అంకెతో మొదలు కాకూడదు.
"లెక్క తరవాత. ముందు ఎవరో చెప్పాలి."
మధ్యలో ఖాళీ వదలకూడదు.
అడ్డగీత పెడితే తీసివేత అనుకుంటుంది.
కిందిగీత పెట్టుకోవచ్చు, డాలరు గుర్తూ పెట్టుకోవచ్చు,
"జేబులో లేకపోయినానా?" అన్నాడు వెనక బెంచీ డంపర్ డ్రైవరు.
భాష తన కోసం దాచుకున్న మాటలు కొన్ని,
ఇఫ్, ఫర్, రిటర్న్,
గుడారంలో ఉత్తరం వైపు పెద్దల చోటులాంటివి,
ఖాళీగా కనిపించినా మనం కూర్చోం.
చిన్నక్షరం, పెద్దక్షరం ఒకటి కావు.
మాటలు కలిపి రాస్తే మొదటిది వంచిన తల,
తరవాతి ప్రతి మాటా పెద్దక్షరంతో లేచే మూపురం.
ఒంటె రాత అంటారు దీన్ని.
"మన ఒంటెకి మూపురాలు రెండే.
మూడు మాటలు దాటితే అది ఒంటె కాదు, కొండల వరస."

ఓద్‌గెరెల్ రాసింది తమ్ముడి మంద లెక్క.
పోయిన చలికాలం బుల్గాన్ కొండల్లో
గడ్డి మీద మంచు రాయిలా బిగిసి,
మూతులు నెత్తురోడేలా తవ్వినా పరక దొరక్క
నిలబడ్డవి నిలబడ్డట్టే పోయాయి.
పోయినవాటికీ మిగిలినవాటికీ కలిపి ఆమె పెట్టిన పేరు
ఎక్స్.

టీచరు మందలించలేదు. అడిగింది.
ఇది గొర్రెనా, మేకనా?
ఈనిందా, చూలుతో ఉందా?
పాలు మరిచిన పిల్లా, రెండేళ్ల గుర్రప్పిల్లా?
ప్రతి జీవానికీ, ప్రతి ఈడుకీ
విడిగా ఒక మాట ఉన్న నాలుక నీది,
ఈ కొట్టివేత గుర్తు దగ్గర ఎందుకు ఆగింది?

పైగా కోడ్ నడవలేదు.
పదిహేడో వరసలో ఉన్నదెవరో నాకు తెలియదంది యంత్రం.
మూడో వరసలో చెప్పాం కదా. అచ్చం అదే కదా.
గంట గడిచింది. ఫ్లాస్కు అడుగంటింది.
చివరికి తేలింది. మూడో వరసలోది ఇంగ్లీషు ఎక్స్.
పదిహేడో వరసలోది మంగోలు రాతలో 'ఖ',
గొర్రె అనే మాటకి వాళ్ల మొదటి అక్షరం.
కంటికి కవలలు,
యంత్రానికి ముఖపరిచయం కూడా లేని ఇద్దరు.
నిద్రమత్తులో ఎక్కడో కీబోర్డు భాష మారింది.

"నీ వేలికి తెలుసు," అంది టీచరు, "అవి గొర్రెలని."

అప్పుడు అడిగాడు డ్రైవరు, మరి మీ పేరు అలా ఎందుకని.
నెర్గుయ్ ఆమె పేరు.
పేరు లేదు, అని అర్థం.
ఆమెకి ముందు ఇద్దరు పుట్టి, నడక రాకముందే పోయారు.
మూడోది పుట్టిన రోజున తండ్రి గుమ్మంలో నిలబడి
గాలికి వినపడేలా అరిచాడట,
ఇక్కడెవరూ లేరు, పేరు లేదు!
(తెలుగునాట అయితే పెంటకుప్ప మీద ఓసారి పడుకోబెట్టి
ఎత్తుకుని, పెంటమ్మా అని పిలిచేవారు.
చావుకి పేర్ల పిచ్చి అని
ఇక్కడా అక్కడా ఎవరు చెప్పారో.)

"యంత్రంలో ఇది తిరగబడుతుంది," అంది బోర్డు తుడుస్తూ.
ఏ పేరూ వేలు పట్టుకోని విలువని
చెత్త ఊడ్చేవాడు ఒకడొచ్చి తీసుకుపోతాడు.
ఎప్పుడొస్తాడో చెప్పడు. చప్పుడుండదు.
"మా నాన్న ప్రోగ్రామరు కాకపోవడం నా అదృష్టం."
అందరూ నవ్వారు. ఆమె కాస్త ఆలస్యంగా.

ఓద్‌గెరెల్ మూడో వరస చెరిపి మళ్లీ రాసింది.
చలి దాటిన గొర్రెలు.
మూడు మాటలు, రెండు మూపురాలు, నూట పద్నాలుగు.
దాని కింద ఇంకో పేరు పెట్టింది,
అదేమిటో పక్కవాళ్లకి కనపడనివ్వలేదు.
విలువ ఇవ్వలేదు. ఇవ్వకపోయినా పేరు చెల్లుతుంది,
అదీ నియమమే.

తమ్ముణ్ని అడగాలి.
సిగ్నలు కోసం అతను గుట్ట ఎక్కాలి,
గాలి ఆగాక.